మూఢాల మైకు

మూఢాలు వస్తే మా షాపులో మైకులకు సెలవు. పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, పుట్టువెంట్రుకలు తీయించేవాళ్ళు కూడా మంచిరోజుల కోసం ఆగుతారు. గది నిండా నల్లటి బాక్సులు, చుట్టలు చుట్టిన వైర్లు, మడతపెట్టిన షామియానాలు. వాటి మధ్యన మా ఆయన నాగరాజ్ స్క్రూడ్రైవరు పట్టుకుని, బాగా పనిచేస్తున్న ఆంప్లిఫైయర్‌ను విప్పి పాడుచేస్తూ ఉంటాడు. అదీ చాలక వంటింట్లోకి వచ్చి చారులో ఉప్పు తక్కువైందని చెబుతాడు. పనిలేని మగవాణ్ణి నెలల తరబడి ఇంట్లో పెట్టుకోవడం ఎంత కష్టమో నన్నడగండి, చెబుతాను.

అట్లా ఒక ఎండాకాలం మూఢాల్లో, ఆయన పోరు పడలేక నేనే ఒక దారి చూపించాను. ఖాళీగా పడి ఉన్న సెట్టును శనివారం సాయంత్రం షాపు ముందర పెట్టు, పాటొచ్చినవాళ్ళు పాడుకుంటారు, వాయించేవాళ్ళు వాయించుకుంటారు, ఆ ఒక్క పూటన్నా నా చారు బతుకుతుంది అన్నాను. కోపంలో అన్న మాట అది. ఆయన నిజంగానే పట్టుకున్నాడు. ఆ శనివారం నలుగురొచ్చారు, తరువాతి శనివారానికి వీధి నిండింది. పెద్ద ఊళ్ళలో కాఫీ హోటళ్ళలో ఇట్లాంటివి జరుగుతాయనీ, వాటిని ఓపెన్ మైక్ అంటారనీ మా మేనకోడలు చెప్పింది. డోన్‌లో రైలుగేటు దగ్గరి మా వీధిలో మాత్రం దాని పేరు మూఢాల మైకు. మళ్ళీ ముహూర్తాలు మొదలవగానే సెట్టు పెళ్ళిళ్ళకు వెళ్ళిపోతుంది, మా మైకు మూతపడుతుంది. ఊరంతా ఎప్పుడు పోతాయా అని చూసే మూఢాలు ఎప్పుడొస్తాయా అని చూసే వీధి ఈ చుట్టుపక్కల మాదొక్కటే అయ్యుంటుంది.

నియమాలు పెట్టింది నేను. మనిషికి రెండు పాటలు. మూడోది ఎత్తుకుంటే స్విచ్చి కట్టేస్తాను. మధ్యలో ఆపిన పాటను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోకూడదు, ఎందుకంటే అట్లా ఎత్తుకునేవాళ్ళు తెల్లారేదాకా ఎత్తుకుంటూనే ఉంటారు. శాలువాలు లేవు, ప్రసంగాలు లేవు. ఒకసారి ఒక పెద్దమనిషి దండలు వేయించుకుని వచ్చి సంగీతం గొప్పతనం గురించి మొదలుపెడితే, నేను లోపలికెళ్ళి మెయిన్ ఆపేశాను. కరెంటు పోయిందనుకుని కాసేపు చూసి, పాపం, వెళ్ళిపోయాడు. వీధిలో నన్ను గయ్యాళి అంటారని నాకు తెలుసు. ఒక గయ్యాళి లేకపోతే ఏ కచేరీ వేళకు ముగియదని వాళ్ళకూ తెలుసు.

ఇంకొక నియమం నాది కాదు, రైలుది. గేటు మా షాపుకు కేకవేస్తే వినబడేంత దూరం. గూడ్సు బండి వచ్చిందంటే ఎంత పెద్ద బాక్సులైనా దానికి లొంగాల్సిందే. పాడేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగుతారు, బండి పోయాక అదే పదం దగ్గర అందుకుంటారు. కొత్తవాళ్ళు తడబడతారు. పాతవాళ్ళు చివరి పెట్టె ఇంకా పోతుండగానే శ్రుతి కలుపుతారు. మొత్తం సాయంత్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అది.

ఎవరెవరు వస్తారో చూస్తే ముచ్చటేస్తుంది. దేవేంద్రప్ప తాత ఉన్నాడు. పత్తికొండ పక్క పల్లె నుంచి హార్మోనియంను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వస్తాడు. గొంతు బొంగురు. అయినా ఆయన తత్వం ఎత్తుకున్నాడంటే, ఎదురుగా బజ్జీలు వేసేవాడు మంట తగ్గించి గరిటె కింద పెడతాడు. నెహెమ్యా ఉన్నాడు. పగలంతా నాపరాళ్ళ పాలిషు ఫ్యాక్టరీలో పని, ఆదివారం చర్చిలో కీబోర్డు. వాళ్ళకు మూఢాలతో పనిలేదు, ఎప్పుడంటే అప్పుడు పెళ్ళి చేసుకోవచ్చు. అయినా శనివారం తప్పకుండా వస్తాడు. గోళ్ళ సందుల్లో తెల్లటి రాతిపొడి అట్లాగే ఉంటుంది, ఆ వేళ్ళ నుంచి అంత మెత్తటి శబ్దం ఎట్లా వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. తాత తత్వానికి నెహెమ్యా కీబోర్డు తోడైన ఒక సాయంత్రం నేను స్విచ్చి సంగతే మరిచిపోయాను. తాత మూడో పాట కూడా ముగించాడు. ఎవరూ నాకు గుర్తుచెయ్యలేదు.

ఇన్ని చూశాను గానీ, ఏసేపన్న వాయించిన సాయంత్రం వంటిది నేను మళ్ళీ చూడను. అది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ఏసేపన్నది క్లార్నెట్టు. గేటుకు అవతల ఇల్లు. పెళ్ళి బ్యాండులో ముందువరసలో నడిచే మనిషి. డోన్‌లో కాపురాలు చేస్తున్న ఆడవాళ్ళలో సగం మంది ఆయన వెనకాల నడిచి అత్తగారిల్లు చేరినవాళ్ళే, అందులో నేనూ ఉన్నాను. డీజేలు వచ్చాక ఆ బ్యాండు చెదిరిపోయింది. డోళ్ళవాళ్ళు సిమెంటు మూటలు దించే పనికి వెళ్ళారు, ట్రంపెట్టు వాయించేవాడు ఆటో కొనుక్కున్నాడు. ఏసేపన్న మాత్రం ఎవరు పిలిచినా ఒక్కడే వెళ్ళి వాయించి వస్తాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట చాలా తక్కువ. ఆయన వరసగా రెండు మాటలు మాట్లాడాడంటే ఆ రోజు వీధిలో అదే వార్త.

అట్లాంటి మనిషి ఒకరోజు మధ్యాహ్నం పెళ్ళాన్ని వెంటబెట్టుకుని మా షాపుకు వచ్చాడు. ఆమె రత్నమణక్క. ఎత్తులో ఆయనకు ఏమాత్రం తీసిపోదు, మాటల్లో మాత్రం ఆయన మిగిల్చినవన్నీ ఆమే వాడుతుంది. ఇద్దరూ బాక్సుల మీద కూర్చున్నారు. నేను నీళ్ళిచ్చాను. ఏసేపన్న నీళ్ళు తాగి, పై పెదవి ఎత్తి ముందుపళ్ళను వేలితో కదిపి చూపించాడు. ఆకు మీద చినుకు పడితే కదిలినట్టు కదిలాయి.

"సోమవారం పీకుతారంట. శనివారం ఒక పాట వాయిస్తామ్మా. ఒకటి చాలు," అన్నాడు.

క్లార్నెట్టుకు పళ్ళే ఆధారమని అప్పుడే తెలుసుకున్నాను. పై పళ్ళు దాని మూతి మీద గట్టిగా ఆనితేనే స్వరం నిలుస్తుందట. కట్టుడు పళ్ళతో వాయించేవాళ్ళూ లేకపోలేదట గానీ, ఈ వయసులో మళ్ళీ కొత్తగా నేర్చుకునే ఓపిక తనకు లేదన్నాడు. ఏ పాట వాయిస్తావని అడిగితే రత్నమణక్క వైపు చూశాడు. ఇక చెప్పే పని ఆమెది.

అది గడప పాట. ఏసేపన్నకు విద్య నేర్పిన లేవి మాస్టరు సొంతంగా కట్టిన పాట. పెళ్ళికూతురు అత్తగారింటికి మెరవణిగా, ఊరేగింపుగా వెళ్ళేటప్పుడు వాయించేది. అందులో మూడు ముక్కలున్నాయి. పెద్దవీధిలో నడిచేటప్పుడు మొదటిది, సందు తిరిగాక రెండోది, పెళ్ళికూతురు గడపలో కాలు పెట్టేటప్పుడు కడపటిది. మొదటి రెండు ముక్కలూ ఊరందరికీ వచ్చు, ఈలవేస్తూ పోతుంటారు. కడపటి ముక్కను మాత్రం ఇంతవరకూ ఏ పెళ్ళిలోనూ ఎవరూ వినలేదు.

ఎందుకు వినలేదంటే, మా పక్క కొత్త జంటను గడప దగ్గర నిలబెట్టి ఒకరి చేత ఒకరి పేరు చెప్పిస్తారు. ఆ పేర్లు అందరికీ వినబడాలి. అందుకని జంట గుమ్మం ముందుకు రాగానే ఎవరో ఒక పెద్దాయన చెయ్యి పైకెత్తుతాడు. చెయ్యి లేచిందంటే బ్యాండు ఆగాలి. అది బ్యాండులో చేరినవాడికి నేర్పే మొదటి పాఠం. పాట ఎక్కడుంటే అక్కడ తెగిపోతుంది. పేర్లయ్యాక హారతి, హారతయ్యాక చుట్టాలు లోపలికి, బ్యాండువాళ్ళు వెనకవైపు భోజనాలకు. అంత ప్రేమగా కట్టుకున్న కడపటి ముక్కను లేవి మాస్టరు ఒక్క పెళ్ళిలో కూడా వాయించలేకపోయాడు. శిష్యులందరిలో ఏసేపన్నకు ఒక్కడికే దాన్ని నేర్పి, కన్నుమూశాడు. ఏసేపన్న కూడా ఇన్నేళ్ళూ చెయ్యి లేవగానే ఆగిపోతూ వచ్చాడు. సోమవారం ఆ పళ్ళతోబాటు ఆ ముక్క కూడా పోతుంది. ఇంకెవరికీ రాదు.

దానికేముంది, ఇప్పుడే ఇక్కడే కూర్చుని వాయించెయ్, రికార్డు చేసి పెడతానన్నాడు మా ఆయన. ఆయనకు లోకంలో అన్నీ వైరు చివర మైకు తగిలిస్తే తీరే కష్టాలే.

ఏసేపన్న తల అడ్డంగా ఊపాడు. "ఇంట్లో కూర్చోని శానాసార్లు చూసినా అప్పా. రాదు. ముందర రెండు ముక్కలూ దాటుకోని పోతేనే వేళ్ళకు తెలుస్తాది. నోటితో అనబోతే అసలే రాదు."

మరి మా మైకు దగ్గర మాత్రం ఎట్లా వస్తుందని అడిగాను.

"మెరవణిలో అందరూ నిలబడుకోనుంటారు, ఎవురో ఒకరు ఆపుతారు. ఈడ కూర్చోనుంటారు గదా. కూర్చున్నోళ్ళు ఆపరు," అన్నాడు.

ఆ మాట నా గుండెకు తగిలింది. పెళ్ళిళ్ళన్నిట్లో ముందు నడిచిన మనిషి అడుగుతున్నది ఏమిటి? ఒక్కసారి మేం కూర్చుని వింటే చాలట.

రత్నమణక్క నవ్వుతూ ఇంకో సంగతి కూడా చెప్పింది. "మా పెండ్లికి లేవి మాస్టరే వాయించినాడు శివజ్యోతీ. శిష్యుని పెండ్లి గదా, నాకన్నా కడాకు వినబడతాదనుకుంటి. గడప కాడికి పోంగనే మా మామ చెయ్యెత్తె, పాటాగిపాయె. సరే, ఈయప్పను నా పేరు చెప్పమంటే నోరు పెగల్లా. తల దించుకోని నిలబడె. పాటా లేదు, పేరూ లేదు, ఊరకే లోపలికి పోతి."

ఏసేపన్న చెవి గోక్కుంటూ బయటికి చూశాడు. ఇప్పటికీ ఆమెను ఆయన పిలిచేది 'ఏమ్మే' అనే. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. శనివారం నీ పాటను ఎవరూ ఆపరు, ఆ పూచీ నాది అన్నాను నేను. అంత ధైర్యంగా అన్నానే గానీ, ఆపేది ఎవరో అప్పుడు నాకు తెలియదు.

శనివారం ఎండ తగ్గకముందే వీధిలో చాపలు పరిచేశారు. గడప పాట మొత్తం వాయిస్తాడట అన్న మాట నేను ఒక్కరికి చెబితే ఊరికి చేరిపోయింది. ఏసేపన్న బ్యాండు కోటు వేసుకుని వచ్చాడు. భుజాల మీది జరీ నల్లబడింది, గుండీలు మాత్రం తళతళలాడుతున్నాయి. రత్నమణక్క రుద్ది ఉంటుంది. ఆమె వెనకవరసలో, చెప్పులు తీసి వాటి మీద కూర్చుంది.

ఆయన మైకు ముందు నిలబడి మొదటి ముక్క ఎత్తుకున్నాడు. నా పెళ్ళిలో విన్న పాట, కిటికీలోంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేని పాట, ఆ సాయంత్రం కొత్తగా వినబడింది. ఎప్పుడూ డోళ్ళ కింద, టపాకాయల కింద, చుట్టాల అరుపుల కింద విన్నదే తప్ప, దాన్ని దానిగా విన్నది లేదు. మధ్యలో ఒకచోట స్వరం సన్నగా జారి మళ్ళీ లేస్తుంది. అది అక్కడ ఉందని కూడా నాకు తెలియదు. దేవేంద్రప్ప తాత కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. ఇంత గొప్పవాడు మా గేటు దగ్గర ఉంటూ పాలప్యాకెట్టు కోసం నిలబడుతుంటే, మేం పక్కనుంచి వెళ్ళిపోతూ వచ్చామే అనిపించింది.

కానీ ఆయన కాళ్ళు ఆగవు. బతుకంతా నడుస్తూ వాయించిన మనిషి. ఊపిరి అడుగుతో పాటే అలవాటైపోయింది. నాలుగడుగులు ముందుకు వేస్తాడు, బాక్సుల్లో శబ్దం సన్నబడుతుంది. గుర్తొచ్చి వెనక్కి వస్తాడు, శబ్దం గుప్పుమంటుంది. నిలబడితే ఊపిరి తెగుతుంది, నడిస్తే మైకు తెగుతుంది. అట్లాగే తంటాలు పడుతూ రెండో ముక్కలోకి వచ్చాడు. ఇక మా ఆయన ప్రాణం ఒప్పలేదు. మైకు దగ్గరికి రా అన్నా అని చెప్పడానికి, ఆంప్లిఫైయర్ వెనకనుంచి చెయ్యి పైకెత్తి ఊపాడు.

పాట కత్తిరించినట్టు ఆగిపోయింది.

ఏసేపన్న ఆపలేదు, ఆయన చేతులు ఆపాయి. క్లార్నెట్టు దానంతటది కిందికి దిగింది. అప్పటికి గానీ ఏం జరిగిందో ఆయనకే తెలియలేదు. వీధి మొత్తం మా ఆయన వైపు తిరిగింది. ఆయన ఆ చేతిని వీపు వెనక దాచుకున్నాడు, కానీ ఏం లాభం. నేను చూసిన చూపుకు ఆంప్లిఫైయర్ కాలిపోవాల్సింది.

ఏసేపన్నకు కోపం రాలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. జేబులోంచి రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు, రుమాలు మీద ఎర్రటి మరక పడింది. ఇక చాలులే అన్నట్టు క్లార్నెట్టు కీళ్ళు విప్పబోయాడు. సోమవారం దాకా ఆ పళ్ళు ఇంకొక పాట మోస్తాయో లేదో ఎవరికి తెలుసు. మధ్యలో ఆపిన పాటను మళ్ళీ ఎత్తుకోకూడదన్న నియమం నాదే. నా నోటితో పెట్టిన దాన్ని నా నోటితోనే తీసేశాను.

లేచి వెళ్ళి మైకు స్విచ్చి కట్టేశాను. "ఏసేపన్నా, పాట మొదటికెత్తుకో. నీకీ మైకెందుకు. నీ ఇంటి గడప దాకా నడువు, మేమంతా నీ ఎనక వస్తాం," అన్నాను. తరువాత వీధి వైపు తిరిగాను. "అందరూ చేతులు కట్టుకోని నడవండప్పా. ఎవురి చెయ్యి లేచినా ఇంగ వాళ్ళకు ఈ వీధిలో మైకు లేదు."

మెరవణి అంటే పెళ్ళికూతురు ఉండాలి కదా అని ఎవరో అన్నారు. నేను వెనకవరసకు వెళ్ళి రత్నమణక్కను చెయ్యి పట్టి లేపాను. ఈ వయసులో నాకేమి మెరవణి, నీకేమన్నా పిచ్చా అని తిడుతూనే ఆమె కొంగు సర్దుకుంది, చెప్పులు తొడుక్కుంది, ఆయన వెనకాల వచ్చి నిలబడింది.

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి కాళ్ళకు దారి దొరికింది. మైకు లేదు, బాక్సుల్లేవు, అయినా ఆ స్వరం మేడల మీద బట్టలు తీస్తున్నవాళ్ళను కూడా నిలబెట్టేసింది. ఒక్కొక్క అడుగుకూ ఊపిరి నిండుతోంది. ఇదా ఈ మనిషి అసలు బలం అనుకున్నాను. కూర్చుని వింటే గౌరవమని మేమనుకున్నాం, ఆయనా అనుకున్నాడు. ఈ పాటను గౌరవించాలంటే దాని వెనక నడవాలి.

మేమంతా నడిచాం. దేవేంద్రప్ప తాత రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. నెహెమ్యా జేబుల్లో దోపుకున్నాడు. బజ్జీలవాడు గరిటె పట్టుకునే వచ్చాడు గానీ దాన్ని కిందికే వేలాడదీశాడు. ఫోన్లో రికార్డు చేసేవాళ్ళు నడుము దగ్గరే పట్టుకున్నారు. నుదుటి మీద చెమట కారుతున్నా ఎవరూ తుడుచుకోలేదు. మా ఆయన అందరికన్నా వెనక, దొంగను పట్టుకొచ్చినట్టు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు.

గేటు వైపు మలుపు తిరగ్గానే రెండో ముక్క. అది నిదానంగా ఉంటుంది, పుట్టింటిని వదిలి వస్తున్న పిల్ల అడుగులా వెనక్కి వెనక్కి లాగుతుంది. ఎదురుగా గేటు కనబడుతోంది, గేటుకు అవతల ఏసేపన్న ఇల్లు, నీలం తలుపు. గేటు దాటి ఆ గడప చేరేసరికి కడపటి ముక్క వస్తుందని నేను లెక్క వేసుకున్నాను. లెక్క బాగానే ఉంది. అప్పుడే గంట మోగింది. గేటు దిగడం మొదలైంది.

మెరవణి నడక ఆగవచ్చు, పాట ఆగకూడదు. ఏసేపన్న గేటు ముందు నిలిచి, ఉన్నచోటనే కాళ్ళు కదుపుతూ వాయించాడు. రెండో ముక్క అయిపోవచ్చింది. దూరంగా గూడ్సు కూత వినబడింది. గేటు గదిలోంచి గేటుమేన్ ఆకుపచ్చ జెండా తీసుకుని బయటికి వచ్చాడు. బండి వచ్చేటప్పుడు ఆ జెండా ఎత్తి పట్టుకోవడం అతని ఉద్యోగం. మేం ఏసేపన్న వెనక ఉన్నాం, జెండా ఆయన కళ్ళ ముందర ఉంది. చెయ్యి లేవబోతోంది. గేటుమేన్‌ను ఆపలేను, రైలును ఆపలేను. ఎవరూ ఆపరని మాట ఇచ్చిన నేను అక్కడే నిలబడిపోయాను.

నాకన్నా ముందు రత్నమణక్క చూసింది. గబగబా ఆయనను చుట్టుకుని ముందుకు వెళ్ళి, గేటుకు వీపు పెట్టి ఆయనకు ఎదురుగా నిలబడింది. క్లార్నెట్టు అంచు ఆమె కొంగుకు తగిలేంత దగ్గరగా. ఆ పొడుగు మనిషి వెనక గేటూ జెండా చెయ్యీ అన్నీ మరుగైపోయాయి. ఏసేపన్నకు ఇక కనబడేది ఆమె ముఖం ఒక్కటే.

అప్పుడు కడపటి ముక్క మొదలైంది. మొదటి స్వరం మాకు వినబడింది. చాలా కింది స్వరం, ఎవరో చెవి దగ్గరికి వంగినట్టు. రెండోది కూడా విన్నాను. అంతే, బండి వచ్చేసింది.

పెట్టె తరువాత పెట్టె, సిమెంటు దుమ్ము, ఇనుప మోత. నేల అదిరింది. పక్కలకు జరిగి చూస్తే ఏసేపన్న బుగ్గలు కనబడుతున్నాయి, వేళ్ళు కనబడుతున్నాయి. ఆ వేళ్ళు ఒకచోట తొందరపడ్డాయి, ఒకచోట బాగా నిదానించాయి. శబ్దం మాత్రం పిసరు కూడా మా దాకా రాలేదు. చెవులు మూసుకోవడానికి కూడా ఒక్కరు చెయ్యి ఎత్తలేదు. రత్నమణక్క కదలలేదు. ఆమె చెవి క్లార్నెట్టుకు జానెడు దూరంలో ఉంది. ముందు ఆమె ముఖంలో నవ్వుంది, తరువాత నవ్వు పోయింది, ఆ తరువాత కళ్ళు నిండి కారాయి. తుడుచుకోవడానికి ఆమె కూడా చెయ్యి ఎత్తలేదు.

చివరి పెట్టె పోయింది. మోత తగ్గింది. అప్పటికే ఏసేపన్న క్లార్నెట్టు దించేశాడు.

"అయిపాయెనా అన్నా?" అన్నాను.

"అయిపాయెమ్మా. కడాకు," అన్నాడు. పళ్ళ సందుల్లో రక్తం, ముఖం నిండా నవ్వు.

రత్నమణక్క కొంగుతో ఆయన మూతి తుడిచింది. నడివీధిలో అందరి ఎదుటా అట్లా తుడవడం మా పక్క ఎవరూ చెయ్యరు, ఆమె తుడిచింది. గేటు లేచింది. రెండు వైపులా లారీలు, ఆటోలు ఉన్నాయి గానీ, ఏమనుకున్నారో ఏమో, ఒక్కరు కూడా హారను కొట్టలేదు. వాళ్ళిద్దరూ పట్టాలు దాటి, నీలం తలుపు తీసుకుని లోపలికి వెళ్ళారు. మేం అక్కడే నిలబడి చూశాం. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు, చేతులు కట్టుకునే ఉన్నామని కూడా చాలాసేపటికి గానీ గుర్తురాలేదు.

ఇంటికి వచ్చాక నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. గూడ్సును తిట్టాను, గేటును తిట్టాను, ఇంకాసేపు ముందుగా బయలుదేరనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. అంతమందిమి వెనక నడిచి, కడపటి ముక్కలో రెండు స్వరాలు విన్నాం. చేతిలో ఫోన్లున్నవాళ్ళందరూ రికార్డు చేశారు, అన్నిట్లోనూ గూడ్సు బండే ఉంది. మా ఆయన మాత్రం ఆశ వదల్లేదు. ఆ రికార్డులన్నీ తెప్పించుకుని, కంప్యూటర్లో రైలు మోతను తగ్గించి క్లార్నెట్టును పైకి తీస్తానని, వారం అంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే వినబడలేదు. చారులో ఉప్పు సంగతి కూడా ఎత్తలేదు. తన చెయ్యి చేసిన తప్పును ఎట్లాగైనా దిద్దుకోవాలని ఆయన తాపత్రయం.

సోమవారం పళ్ళు పీకించుకున్న ఏసేపన్న, మళ్ళీ శనివారం మూఢాల మైకుకు వచ్చాడు. బుగ్గ వాచి ఉంది, మూతికి రుమాలు అడ్డం. కోటు లేదు, మామూలు చొక్కా. ముందువరసలో, చాప మీద, రత్నమణక్క పక్కన కూర్చున్నాడు. ఆయన కూర్చుని పాట వినడం నేను చూడటం అదే మొదటిసారి. దేవేంద్రప్ప తాత తత్వం ఎత్తుకున్నాడు. ఏసేపన్న కాళ్ళు చాప మీదనే నడుస్తున్నాయి.

పాటల మధ్యలో రత్నమణక్కను నీళ్ళకని లోపలికి పిలిచాను. వారం నుంచి కడుపులో పెట్టుకున్న మాట అడిగేశాను. ఆ ముక్క విన్నది లోకంలో నువ్వొక్కదానివే అక్కా, ఎట్లుండె చెప్పు, హమ్మింగు చేసి చూపించినా చాలు, నెహెమ్యా పట్టుకుంటాడు అన్నాను.

ఆమె చెంబు కింద పెట్టింది. పాడబోయినట్టు పెదవి కదిలింది, మళ్ళీ ఆగింది.

"పాట మాదిరి లేదు శివజ్యోతీ," అంది. "ఆ పొద్దు గడప కాడ నోరు పెగల్లేదు గదా ఈయప్పకు. ఇన్నేండ్లకు నా పేరు చెప్పినట్టుండె."

నేను షాపులోకి వెళ్ళాను. మా ఆయన అట్లాగే కళ్ళు మూసుకుని రైలు మోతలో వెతుకుతున్నాడు. ఆయన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాను. ఇక వెతకొద్దన్నాను.